యెరికో బ్యాండు వారి ఒకే ఒక్క పాట

మా బావ సుకుమార్ ఎవరని అశ్వారావుపేటలో అడిగి చూడండి. పామాయిల్ గెలలు మిల్లుకు తోలే ట్రాక్టరు డ్రైవరని ఒక్కరూ చెప్పరు. “ఆ పాటాయననా?” అంటారు. ఆ మాట చెవిన పడితే బావకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ముప్పై ఏళ్లకు పైగా బ్యాండు నడిపి, బుర్ర బద్దలు కొట్టుకుని బోలెడు పాటలు కట్టినవాడికి ఊరంతా కలిసి ఒక్క పాటే అంటగడితే మండదా మరి.

బ్యాండంటే పెళ్లి ఊరేగింపులో ఎర్ర కోట్లు తొడుక్కుని బూరలూదే బ్యాండు కాదు. అలా అనుకుంటే బావ మీతో మాట్లాడడు. ఇది హార్డ్ రాక్ బ్యాండు. పేరు యెరికో. హార్డ్ రాక్ అంటే ఏమిటని నన్నడిగితే, గిటారు మొరగాలి, డ్రమ్ములకు దెబ్బలు తగలాలి, పాడేవాడి మెడ నరాలు వెనక వరసలో కూర్చున్నవాళ్లకు కూడా కనబడాలి. అంతకు మించి నాకు తెలియదు. తెలియకుండానే ఇన్నేళ్లుగా ఆ బ్యాండులో బేస్ గిటారు వాయిస్తున్నాను. అక్క మొగుడు పిలిస్తే కాదనలేక చేరాను, మానేస్తానంటే అక్క రాహేలు ఏమంటుందోనని ఉండిపోయాను. వ్యాను తోలేది కూడా నేనే.

ఈ జబ్బు బావకు ఫాదర్ల హాస్టల్లో అంటుకుంది. బోర్లు వేయించడానికి వచ్చిన తెల్లదొర ఒకాయన వెళ్తూ వెళ్తూ ఒక క్యాసెట్టు మరిచిపోయాడు. దాని అట్ట మీద భుజాల దాకా జుట్టు, గుండెల దాకా గడ్డాలు పెంచుకున్న మనుషులున్నారు. వార్డెన్ వాళ్లను చూసి అపొస్తలులనుకున్నాడు. ఆదివారం ప్రార్థనకు ముందు పిల్లలందరినీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, భక్తిగా కళ్లు మూసుకుని టేప్ రికార్డరు మీట నొక్కాడు. ఆ తర్వాత జరిగింది బావ ఎప్పుడు చెప్పినా నిలబడే చెబుతాడు, కూర్చుంటే చెప్పలేడు. వంటమనిషి పప్పు బకెట్టు వదిలేసిందట. వార్డెన్‌కి ఏ మీట నొక్కితే ఆగుతుందో గుర్తురాక టేప్ రికార్డరునే కిటికీలోంచి బయటికి విసిరాడట. పిల్లలంతా చెవులు మూసుకుంటే ఇద్దరు మాత్రం నోళ్లు తెరుచుకుని ఉండిపోయారు. ఒకడు సుకుమార్. రెండోవాడు జూలూరుపాడు నుంచి వచ్చిన ఇన్నయ్య.

ఆ ఇద్దరూ కలిసి పెట్టిందే ఈ బ్యాండు. గిటారు బావది, గొంతు ఇన్నయ్యది. మొదటి ప్రోగ్రాం ఆగస్టు పదిహేనున హాస్టల్ ఆవరణలోనే ఇచ్చారు. పాట మధ్యలో ప్రహరీ గోడ కూలింది. ముసురుకు నాని కూలిందని మేస్త్రీ అన్నాడు. వీళ్లు ఒప్పుకోలేదు. బైబిల్లో బూరలూది కేకలేస్తే యెరికో పట్నం గోడలు కూలాయి గదా, ఇకనుంచి మా బ్యాండు పేరు అదే అన్నారు. వీళ్లను హాస్టల్లోంచి వెళ్లగొట్టింది కూడా ఆ రోజే.

ఇక ఆ పాట సంగతి. మా వైపు కోయ గూడేల్లో విత్తనాలు చల్లేముందు భూమి పండగ చేస్తారు. మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు కట్టి, వచ్చే పోయేవాళ్లను ఆపి ఆడి పాడతారు. ఏదో ఒకటి ఇచ్చిందాకా కదలనివ్వరు. వేట నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడికి పేడనీళ్ల స్నానం చేయించి, పాట కట్టి మరీ వెక్కిరిస్తారు. బ్యాండు పెట్టిన కొత్తలో బావా ఇన్నయ్యా ఒకే సైకిలు మీద ఆ దారిన పోతూ పట్టుబడ్డారు. ఇద్దామంటే జేబులు ఖాళీ. ఆడవాళ్లు వీళ్లిద్దరి చేతా ఎండలో గంతులేయించి, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వి వదిలారు. ఆ వెక్కిరింతలు చెవుల్లో ఉండగానే, సైకిలు వెనక కూర్చున్న ఇన్నయ్య ఊరు చేరేలోపు పాట కట్టేశాడు.

“ఉత్త చేతుల బావా, ఊర్లెకెట్ల వస్తివి?
కుందేలు నవ్విందా, కంజుపిట్ట తరిమిందా?
పేడనీళ్లు తోడినం, తానమాడ రా బావా!”

ఆ చివరి ‘బావా’ దగ్గర ఇన్నయ్య ఒక కేక పెట్టేవాడు. చెట్టు మీద కాకులు లేచిపోయేవి. ఆ కేక కోసమే జనం వచ్చేవాళ్లు. అశ్వారావుపేట నుంచి కల్లూరు దాకా ఈ పాట లేని పెళ్లి లేదు, పందిరి లేదు. ఎన్నికల్లో ఓడినవాడి ఇంటి ముందు గెలిచినవాళ్లు మమ్మల్ని పిలిపించి ఇదే పాడించారు. ఆ తర్వాతి ఎన్నికల్లో వీళ్లు ఓడారు, వాళ్లు కూడా మమ్మల్నే పిలిచారు.

అంతా బాగుందనుకునే సమయానికి ఇన్నయ్యను కట్లపాము కరిచింది. దవాఖానాలో పడి, బతికితే దేవుడి సేవకు పోతానని మొక్కుకున్నాడు. బతికాడు. మాట మీద నిలబడి జూలూరుపాడులో చిన్న గుడి కట్టుకుని పాస్టరయ్యాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఏటా ఒక్కసారైనా యెరికో పాటలోని ఆ కేక సాతానుదని ప్రసంగం చేసేవాడు. తను పెట్టిన కేకే గదా అని ఎవరూ అడగలేదు. ప్రసంగం చివర ‘హల్లెలూయ’ అన్నప్పుడు ఆయన గొంతులోంచి వచ్చేది కూడా అచ్చం అదే కేక. గుడి నిండిపోయేది. వింటే మాకు కడుపు మండేది.

బ్యాండులో పాడే పని బావ మీద పడింది. బావ గొంతు చెడ్డది కాదు, కానీ ఆ కేక దగ్గరికి వచ్చేసరికి ట్రాక్టరు బెల్టు జారిన చప్పుడొస్తుంది. జనం అక్కడ నవ్వేవాళ్లు. అందుకే బావకు ఆ పాటంటే ఒళ్లుమంట. తను సొంతంగా పాటలు కట్టాడు. మిల్లు సైరను మీద ఒక పాట ఉంది, తలనొప్పి మాత్ర చేతిలో పెట్టుకుని వినాలి. అది మొదలుపెట్టగానే ముందు వరసలోంచి ఎవరో ఒకరు “అన్నా, ఉత్త చేతుల బావ” అని అరుస్తారు. “వస్తది, ఆఖర్ల వస్తది” అని బావ పళ్లు నూరుతాడు. ఆ పాటకు దినం పెట్టిన రోజు బిర్యానీ పెడతానని నాతో ఎన్నిసార్లు అన్నాడో.

ఆ రోజు వచ్చింది. బావ కూతురు ఆరాధనకు జూలూరుపాడు సంబంధం కుదిరింది. పిల్లాడు షాలేమ్‌రాజు సెల్ టవర్ల దగ్గర టెక్నీషియన్, నెమ్మదైనవాడు. పిల్లలిద్దరూ ఒకరికొకరు ముందే నచ్చి ఉన్నారు, మేము కుదిర్చామని చెప్పుకుంటాం. చిక్కల్లా ఒకటే. వాళ్ల కుటుంబం ఇన్నయ్య గుడికి పోతుంది. షాలేమ్‌రాజు తండ్రి ఏ పనికైనా పాస్టర్ గారి నోటి వంక చూసే రకం. పాస్టర్ గారి నోరు ఏమన్నదంటే, “సుకుమార్ ఆ పాట మళ్ల పాడనని సంఘం ముందల మాటియ్యాలె. మాట తప్పిననాడు నేను పెండ్లి జెయ్యను.”

బావ మాట ఇచ్చాడు. ఆదివారం గుళ్లో నిలబడి, కూతురి మొహం చూస్తూ, “ఇగ నా నోటెంబడి ఆ పాట రాదు” అన్నాడు. అక్క ఊపిరి పీల్చుకుంది. నేను బిర్యానీ ఎప్పుడని అడుగుదామనుకుని బావ మొహం చూసి ఆగిపోయాను. ఆ వారమంతా ట్రాక్టరు మీద ఆయన నోట కూనిరాగం వచ్చేది, సగంలో తుంచేసుకునేవాడు. తిట్టుకుంటూనే ఇంతకాలం దాంతో కాపురం చేశాడు. ఇన్నయ్య వెళ్లిపోయాక తనకంటూ మిగిలింది అదే. అది కూడా పోయింది. నాకు నిజంగా జాలేసింది.

పెళ్లి తేదీ పెట్టింది పాస్టర్ గారే. భూమి పండగ రోజులివి, అడవి దారిలో అడ్డాలుంటాయని మా అక్క చెప్పబోతే, “అన్యుల పండగలు చూసుకొని మనం దినాలు పెట్టుకుంటమా?” అన్నాడు. మధ్యాహ్నం అదే గుళ్లో ఇంకో పెళ్లి ఉంది కాబట్టి పదకొండుకల్లా పెళ్లికూతురు గుమ్మంలో ఉండాలన్నాడు. మమ్మల్ని నమ్మక, డ్రమ్ములు తెస్తామేమోనని తెల్ల కోటు వేసుకుని పొద్దున్నే తనే అశ్వారావుపేట వచ్చి, ప్రయాణ ప్రార్థన చేసి మా వ్యానులో ముందు సీట్లో కూర్చున్నాడు. పెళ్లిళ్ల సీజను, ఇంకో బండి దొరకలేదు. వ్యాను పక్కన పెద్దక్షరాలతో ‘యెరికో’ అని ఉంటే దాని మీద ‘శుభవివాహం’ కాగితం అంటించమని ఆయనే దగ్గరుండి చేయించాడు. మెయిన్ రోడ్డు తవ్వేశారని విని అడవి దారిన పొమ్మన్నది కూడా ఆయనే. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే తర్వాత తప్పంతా నాదేనన్నారు.

అడవిలో సగం దూరం పోయేసరికి గాలికి కాగితం ఊడిపోయింది. మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా వెదురు బొంగు, దాని వెనక ఆడవాళ్లు, పక్కన పేడనీళ్ల బకెట్లు, డోలు. నేను బ్రేకు వేశాను. అందరికంటే ముందున్న పెద్దామె వ్యాను మీది అక్షరాలు చూసింది. ఆమె పేరు నాగక్క అని పక్కవాళ్లు పిలుస్తుంటే తెలిసింది.

“ఏందే, యెరికోల్లు వచ్చిండ్రు” అంది నాగక్క. ఆడవాళ్లందరూ ఒక్కసారి నవ్వారు.

పాస్టర్ గారు కిటికీలోంచి నోటు చాపాడు. నాగక్క దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది.

“మీ పైసలు మాకొద్దు. నీ ముందల పోయిన లారీ ఆయన ఇచ్చిండు. మా పాట తీస్కపోయి ఊరూరా పాడుకుంటున్నరు గదా, ఇయ్యాల మాకు పాడుండ్రి. అప్పుడు తొవ్వ ఇడుస్తం.”

వెనక సీట్లో తెల్లచీర కట్టుకుని, తలమీద ముసుగుతో ఆరాధన. పక్కన అక్క. వాళ్ల పక్కన బావ, చేతులు కట్టుకుని కిటికీలోంచి చెట్లు చూస్తున్నాడు. పాడితే పాస్టరు పెళ్లి చెయ్యడు. పాడకపోతే దారి ఇవ్వరు. వెనక్కి తిప్పుకుని మెయిన్ రోడ్డు ఎక్కితే పదకొండు కాదు గదా, మూడైనా గుమ్మం కనబడదు.

“పెండ్లి బండమ్మా ఇది” అంటూ పాస్టర్ గారు కిందికి దిగాడు. “జల్దీ పోవాలె మేము. ఈ ఆచారాలు మాకు లేవు. అడ్డం తియ్యుండ్రి.” అక్కడితో ఆపి ఉంటే కోటు బతికేది. ఆయనకు అలవాటైపోయింది, చెయ్యెత్తి ప్రసంగం మొదలుపెట్టాడు. నాగక్క ఓపిగ్గా కొంచెంసేపు విని, “ఈన ఏం దేలేదు, ఉత్త చేతులతోని వచ్చిండు” అని పక్కనామెకు చెప్పింది. పక్కనామె బకెట్టు ఎత్తింది.

తెల్ల కోటు పచ్చగా అయింది. చేతిలోని బైబిలు తడవకుండా అక్క కిటికీలోంచి చటుక్కున లాక్కుంది, అది మాత్రం బాగుంది. వేట నుంచి నిజంగానే ఉత్త చేతులతో వచ్చిన గూడెం మగవాళ్లు అప్పటికే చెట్ల చాటున నిలబడి ఉన్నారు. ఫారెస్టు వాళ్ల భయానికి ఇప్పుడు ఉడతను కూడా కొట్టరు పాపం. తమ వంతు పేడనీళ్లు కూడా ఈయన మీదే అయిపోవాలని వాళ్లు దేవుణ్ని మొక్కుకుంటున్నారని మొహాలు చూస్తేనే తెలుస్తోంది.

“సుకుమార్” అని పిలిచాడు పాస్టరు, గడ్డం మీంచి కారుతున్నది తుడుచుకుంటూ. “ఏదో ఒకటి జెయ్యి.”

“ఏం జెయ్యాలె పాస్టర్ గారూ?” అన్నాడు బావ సీట్లోంచి కదలకుండా. అంత మర్యాద ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. “నేను సంఘం ముందల మాటిచ్చిన.”

“వేరే పాటేదన్నా పాడు.”

“మిల్లు సైరను పాట పాడాల్నా?”

“వద్దు” అన్నాను నేను. అక్కడే సాయంత్రమవుతుంది.

అప్పుడు ఆరాధన చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వ్యాను దిగింది. దాని కళ్లల్లో నీళ్లున్నాయి గానీ గొంతు వాళ్లమ్మదే.

“అంకుల్, డాడీ నోటికి తాళం వేసింది మీరు. మీ నోటికైతే ఎవరూ వెయ్యలే గదా. ఆ పాట కట్టింది మీరేనంట. చిన్నప్పటి నుంచి డాడీ చెప్తనే ఉంటడు, కేక పెడితే ఇన్నయ్యనే పెట్టాలె, నాకు రాదు అని. మీరు పాడుండ్రి. లేకుంటే ఈడనే ప్రార్థన జేసి మా పెండ్లి ఫోన్ల జెయ్యుండ్రి. సిగ్నల్ గూడ లేదు.”

ఇన్నయ్య బావ వైపు చూశాడు. ‘నాకు రాదు’ అని బావ ఎవరితోనైనా అంటాడని ఆయన అనుకోలేదనుకుంటాను. బావ మళ్లీ చెట్ల వైపు తిరిగిపోయాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఇన్నయ్య గొంతు సవరించుకున్నాడు. చేతులు జోడించి, కళ్లు మూసుకుని, కీర్తన మొదలుపెట్టినట్టు మెల్లగా “ఉత్త చేతుల బావా” అన్నాడు.

“ఇదేంది, సావుకాడ పాడినట్టు పాడుతున్నవ్” అంది నాగక్క. రెండో బకెట్టు వైపు ఎవరో వంగారు.

అది బావ తట్టుకోలేకపోయాడు. తిట్టుకున్నా, ఏడ్చుకున్నా ఆ పాటను ఎవరైనా చెడగొడితే ఆయన ఊరుకోడు. సీటు కింద చెయ్యి పెట్టి గిటారు లాగాడు. పెళ్లికి వద్దన్న గిటారు అక్కడికెలా వచ్చిందని అక్క కళ్లతోనే నన్నడిగింది. నేను రోడ్డు చూశాను. బావ వ్యాను స్పీకరుకు తీగ గుచ్చి, తంతులు బిగించి, “నేను పాడ. వాయించనని మాటియ్యలే” అన్నాడు, ఎవరితోనో తెలియదు. పాట మొదట్లో వచ్చే ఆ దరువు కొట్టాడు.

ఇన్నయ్య కళ్లు తెరుచుకున్నాయి. మనిషి మరిచిపోయినా మోకాలు మరిచిపోలేదు, అది ముందే ఊగడం మొదలుపెట్టింది. నాగక్క డోలు అందుకుంది. నేను చెయ్యడానికి ఏమీ లేక స్టీరింగు మీద దరువేశాను. మొదటి చరణం బొంగురుగా పోయింది. రెండో చరణంలో ఆయన కోటు విప్పి వ్యాను మీద పడేశాడు. కుందేలు నవ్వింది, కంజు తరిమింది, ఆడవాళ్లు ఆయన చుట్టూ చేతులు పట్టుకుని ఆడుతున్నారు, ఆరాధన ముసుగు జారిపోయినా పట్టించుకోలేదు. చివరికి వచ్చేసరికి బావ గిటారు ఆపేశాడు. ఆ కేకకు జాగా వదలడం ఆయనకు అలవాటు, ఇన్నేళ్లూ వదిలాడు, వచ్చింది ఎప్పుడూ బెల్టు జారిన చప్పుడే.

ఇన్నయ్య కేక పెట్టాడు. కాకులు లేచిపోయాయి. బావ గిటారు మీద తల వంచేసుకున్నాడు. ఏడుస్తున్నాడని అక్క చూసింది, నేను కూడా చూశాను. ఇద్దరం చూడనట్టే ఉన్నాం.

వెదురు లేచింది. నాగక్క ఆరాధన చేతిలో ఇన్ని విత్తనాలు పోసి, పిడికిలి మూసి, “మంచిగ బతుకు బిడ్డా” అంది. చెట్ల చాటు మగవాళ్ల సంగతి తర్వాత ఏమైందో తెలియదు. బకెట్లు ఇంకా ఉన్నాయి.

పదకొండుకు అందలేదు. పెళ్లికొడుకు తండ్రి గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నాడు. పాస్టర్ గారు దిగగానే ఆయన ముక్కు మూసుకున్నాడు.

“ఏందయ్యగారూ ఇది?”

“తొవ్వల సేవ జెయ్యాల్సి వచ్చింది” అన్నాడు ఇన్నయ్య. అబద్ధమని నేననలేను. అదే కోటుతో పెళ్లి చేశాడు. ప్రసంగం తగ్గించాడు, సాతాను పేరు రాలేదు. విత్తనాలున్న పిడికిలి తెరవనని ఆరాధన అంటే ఉంగరం రెండో చేతికి తొడిగించాడు.

భోజనాల దగ్గర ఇన్నయ్య ప్లేటు పట్టుకుని వచ్చి బావ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పాము కరిచిన తర్వాత వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. చాలాసేపు ముక్కలు ఏరుకున్నారు.

“ఆ మాట వాపస్ తీస్కో” అన్నాడు ఇన్నయ్య చివరికి. “పాడుకో. నేనేమనను.”

“తీస్కోను.”

“నేనే ఇస్తున్నగదరా.”

“మాటంటే మాటే” అన్నాడు బావ. ఎముక పక్కన పెట్టి, వేళ్లు నాక్కుని, తీరిగ్గా చెప్పాడు. “నేను దేవుని గుళ్ల నిలబడి చెప్పిన. ఇగ జన్మల పాడ. ఎవరన్న అడిగితే నువ్వే వచ్చి పాడాలె. వచ్చే నెల దమ్మపేటల పెండ్లున్నది. వాళ్లు ఆ పాట తప్ప వేరేది వద్దంటున్నరు.”

ఇన్నయ్య ప్లేటులో మిగిలిన అన్నం మొత్తం తిన్నాడు. నీళ్లు తాగాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

“ఏ వారం?” అన్నాడు.

“గురువారం.”

“ఆదివారమైతే నాకు కుదరదు. ముందే చెప్తున్న” అని కొళాయి దగ్గరికి వెళ్లాడు.